విమానానికీ ఒక టీసీ



మనందరికీ బాగా పరిచయమున్న కాగితం ఒకటుంది. అదే టీసీ. అమ్మానాన్నల ఉద్యోగరీత్యా ఊరు మారిన ప్రతిసారీ అది మనతోపాటు ప్రయాణం చేస్తుంది. కొత్త బడిలో మనం ఎవరమో ఎవరికీ తెలియదు. ఆ కాగితం చూసే మన పుట్టిన తేదీ, చదివిన తరగతి, ఫీజు బకాయి, ప్రవర్తన అన్నీ తెలుసుకుంటారు. చిన్న విమానాలకు కూడా అలాంటిదే ఒకటి ఉంటుందనీ, దానిమీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయనీ నాకు జంషెడ్‌పూర్ వచ్చాకే తెలిసింది.

మేము విశాఖపట్నం నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం నాన్న నన్ను దోముహానికి తీసుకెళ్ళారు. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటు అది. సోనారీ విమానాశ్రయం అక్కడికి దగ్గరే. మేము గట్టు మీద కూర్చుని ఉండగా ఒక చిన్న విమానం మా తలల మీదుగా వెళ్ళింది. విశాఖలో చూసిన పెద్ద విమానాల ఉరుము కాదది. మోటార్ సైకిల్ చప్పుడులా ఉంది.

"నాన్నా, ఇంత చిన్న విమానాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా?" అని అడిగాను.

నాన్న రైల్వేలో బోగీల మరమ్మతు విభాగంలో పనిచేస్తారు. ఆయన నవ్వి, "చేసినవాళ్ళు ఉన్నారు. కానీ చేయడం సగం పనే. చేసినదాన్ని రోజూ చూసుకోవడం మిగతా సగం" అన్నారు.

ఆ రెండో సగం గురించి తెలుసుకోవాలని మొదలుపెట్టి నేను నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం.

విమానం కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు మన పెద్దలు. విమానం కట్టి చూడు అని కూడా చేర్చవచ్చు.

నిజానికి ప్రపంచంలో ఇంజిన్‌తో ఎగిరిన మొదటి విమానమే ఇంటి తయారీ విమానం. అమెరికాలో సైకిళ్ళ దుకాణం నడుపుకునే రైట్ సోదరులు దాన్ని కట్టారు. తమకు కావలసినంత తేలికైన ఇంజిన్ ఎక్కడా దొరకకపోతే, వాళ్ళ దుకాణంలో పనిచేసే మెకానిక్ చార్లీ టేలర్ దాదాపు ఆరు వారాల్లో ఒకటి తయారు చేసి ఇచ్చాడు. దాని శక్తి సుమారు 12 హార్స్ పవర్. ఈనాటి చాలా మోటార్ సైకిళ్ళకు అంతకన్నా ఎక్కువ ఉంటుంది. 1903 డిసెంబరు 17న ఆ విమానం మొదటిసారి 12 సెకన్లపాటు గాలిలో ఉండి, 120 అడుగులు ప్రయాణించింది.

ఆ తర్వాత విమానాలు పెద్ద కర్మాగారాల్లోకి వెళ్ళిపోయాయి. అయినా ఇంట్లో కట్టుకునేవాళ్ళు ఆగలేదు. 1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన అలాంటివాళ్ళందరినీ కలిపి ఒక సంఘం పెట్టాడు. అదే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. కొందరు నమూనా పటాలు కొనుక్కుని ప్రతి ముక్కా తామే కోసుకుంటారు. మరికొందరు ముక్కలన్నీ ఉన్న కిట్ తెప్పించుకుని బిగించుకుంటారు. అక్కడి నియమం ప్రకారం ఇంటి తయారీ విమానం అనిపించుకోవాలంటే పనిలో సగానికి మించి ఔత్సాహికులే చేసి ఉండాలి.

మన దేశంలోనూ ఈ ప్రయత్నాలు జరిగాయి. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ శాస్త్రవేత్తలు, అమెరికాలో బర్ట్ రుటాన్ ఇంటి తయారీ కోసం రూపొందించిన లాంగ్ ఈజీ అనే విమానాన్ని ఆధారం చేసుకుని ఒక చిన్న విమానం కట్టి 1987లో ఎగరేశారు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలీలోని తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. దాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు. 2017లో దానికి పౌర విమానయాన శాఖ రిజిస్ట్రేషన్ దొరికింది. అయితే రిజిస్ట్రేషన్ దొరకగానే ఎగిరిపోవడానికి వీల్లేదు. ఎగరడానికి వేరే అనుమతి కావాలి. ఎందుకంత జాగ్రత్తో మనం రెక్క దగ్గర మొదలుపెడితే అర్థమవుతుంది.

రెక్క: దూలం, వాసాలు, పైకప్పు

మన ఊళ్ళలో పెంకుటిల్లు చూసే ఉంటారు. ఒక చివర నుంచి మరో చివరకు లావుపాటి దూలం ఉంటుంది. దానికి అడ్డంగా వాసాలు, వాటిమీద పెంకులు. విమానం రెక్కలో కూడా ఇంతే. పొడవునా ఉండే దూలాన్ని స్పార్ అంటారు. బరువంతా మోసేది అదే. దానికి అడ్డంగా వరుసగా ఉండే వాసాలను రిబ్స్ అంటారు. రెక్కకు ఆ వంపు ఆకారం ఇచ్చేవి అవి. వాటిపైన తొడుగు.

ఆ వంపు వల్ల, రెక్క కొంచెం పైకి వాలి ఉండటం వల్ల, ఎదురుగా వచ్చే గాలి కిందికి మళ్ళుతుంది. రెక్క పైభాగాన గాలి పీడనం తగ్గుతుంది. కింద ఎక్కువ, పైన తక్కువ కాబట్టి రెక్క పైకి లేస్తుంది. కదిలే బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టవద్దని డ్రైవర్ కేకలేస్తాడు కాబట్టి, ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ముందు ఒక అట్టముక్కను కొంచెం వాల్చి పట్టుకుని చూడండి. గాలి దాన్ని పైకి నెట్టడం మీ చేతికే తెలుస్తుంది.

ఈ దూలాన్నీ వాసాలనూ దేనితో చేస్తారు? దీనికి మూడు దారులున్నాయి. మొదటిది కర్ర. స్ప్రూస్ అనే తేలికైన, గట్టి కలపతో అస్థిపంజరం కట్టి, పైన పాలిస్టర్ గుడ్డ అతికిస్తారు. ఆ గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె నడిపితే అది ముడుచుకుని డప్పు తోలులా బిగుసుకుంటుంది. రెండోది అల్యూమినియం రేకు. మూడోది, తేలికైన నురగ దిమ్మెను రెక్క ఆకారంలో కోసి, దానిపైన గాజుదారాల వస్త్రాన్ని జిగురుతో అంటించడం. లాంగ్ ఈజీ ఈ మూడో పద్ధతిలోదే.

మనం ఉన్నది ఉక్కు నగరం. మరి ఉక్కుతో రెక్క ఎందుకు చేయరు? ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7 గ్రాములే. రెక్కకు బరువు శత్రువు కాబట్టి అక్కడ అల్యూమినియం గెలుస్తుంది. కానీ ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్, ఇంజిన్‌ను విమానానికి పట్టి ఉంచే చట్రం, ముఖ్యమైన బోల్టులు సాధారణంగా ఉక్కువే. బలం ఎక్కువ కావలసిన చోట ఉక్కును పక్కన పెట్టలేరు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు మైక్రోలైట్ విమానాల గురించి చెప్పగా విని ఉంటారు. కేడెట్లు ఎగిరిన మైక్రోలైట్లలో జెన్ ఎయిర్ సీహెచ్ 701 ఒకటి. దాన్ని రూపొందించిన క్రిస్ హైంట్జ్ ఇంట్లో కట్టుకునేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే దాన్ని గీశాడు. దాని రెక్కలు అల్యూమినియం రేకులు, రివెట్లతో చేసినవి.

రెక్క ఎంత మోయాలి?

500 కిలోల విమానం ఉందనుకుందాం. దాని రెక్కలు 500 కిలోలు మోస్తే చాలా? చాలదు. విమానం 60 డిగ్రీలు పక్కకు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్కలమీద భారం రెట్టింపవుతుంది. సుడిగాలి తగిలితే ఇంకా పెరుగుతుంది. అందుకే మామూలు చిన్న విమానాల రెక్కలు బరువుకు 3.8 రెట్లు మోసేలా లెక్క వేస్తారు. అంటే 1,900 కిలోలు. దానిమీద మళ్ళీ ఒకటిన్నర రెట్లు భద్రత చేరుస్తారు. అంటే 2,850 కిలోల దగ్గర కూడా రెక్క విరగకూడదు.

దీన్ని పరీక్షించే పద్ధతి చాలా సులువైనది. రెక్కను తలకిందులుగా బిగించి, దానిమీద ఇసుక బస్తాలు పేర్చుకుంటూ పోతారు. గాలి పైకి నెట్టే పనిని ఇసుక కిందికి నొక్కి చేస్తుంది.

లెక్క ఉన్నా పొరపాటు జరగవచ్చు. దీనికి మన దేశ చరిత్రతో ముడిపడిన ఉదాహరణ ఉంది. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు అందుకున్న జే.ఆర్.డి. టాటా, 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తీసుకొచ్చారు. ఆ విమానం పేరు పస్ మాత్. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. ఆ రోజుల్లోనే వేర్వేరు దేశాల్లో కొన్ని పస్ మాత్ విమానాల రెక్కలు గాలిలోనే విరిగి ప్రమాదాలు జరిగాయి. ఇంజనీర్లు విరిగిన ముక్కలను పరిశీలించి, పరీక్షలు చేసి, రెక్కకు ఊతమిచ్చే కడ్డీల దగ్గర లోపం ఉందని గుర్తించారు. అదనంగా చిన్న ఊతకడ్డీ పెట్టి సరిదిద్దారు. పేరున్న కర్మాగారంలో తయారైన విమానం సంగతే ఇది. మేడ మీద కట్టిన విమానానికి అనుమతి తేలికగా ఎందుకు ఇవ్వరో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంజిన్: ఆగకూడని గుండె

కారు ఇంజిన్‌ను విమానానికి పెట్టకూడదా? పెట్టినవాళ్ళున్నారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజిన్ గాలితో చల్లబడేది, తేలికైనది కావడంతో ఎందరో దాన్ని మార్చి తమ విమానాల్లో వాడుకున్నారు. కానీ రెంటి బతుకులూ వేరు. కారు ఇంజిన్ ఎక్కువ సమయం తన శక్తిలో కొంత భాగమే వాడుతుంది. విమానం ఇంజిన్ గంటల తరబడి ముప్పాతిక శక్తితో నడుస్తుంది. కారు ఆగిపోతే రోడ్డు పక్కకు తోస్తాం. ఆకాశంలో రోడ్డు పక్క అనేది లేదు.

చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 అనే ఇంజిన్‌ను చూద్దాం. నాలుగు సిలిండర్లు, ఇటు రెండు, అటు రెండు, ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్గులు. వాటికి రెండు వేర్వేరు విద్యుత్ మార్గాలు. ఒకటి పాడైనా రెండోది ఇంజిన్‌ను నడుపుతుంది. టేకాఫ్‌కు ముందు పైలట్ ఒక్కొక్క మార్గాన్ని ఆపి, ఇంజిన్ వేగం ఎంత తగ్గిందో చూస్తాడు. మరీ ఎక్కువ తగ్గితే ఆ రోజు ఎగరడు.

ఈ ఇంజిన్‌కూ ప్రొపెల్లర్‌కూ మధ్య గేర్లు ఉంటాయి. ఎందుకో లెక్క వేద్దాం. 100 హార్స్ పవర్ రకం ఇంజిన్ గరిష్ఠంగా నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ వ్యాసం 1.75 మీటర్లు అనుకోండి. అదీ అంతే వేగంగా తిరిగితే దాని కొన సెకనుకు దాదాపు 530 మీటర్ల వేగంతో పోతుంది. ధ్వని వేగం సుమారు 340 మీటర్లే. ధ్వని వేగాన్ని సమీపించిన ప్రొపెల్లర్ కొన చెవులు పగిలే చప్పుడు చేస్తుంది, శక్తిని వృథా చేస్తుంది. అందుకే గేర్లు ఆ వేగాన్ని 2.43 రెట్లు తగ్గిస్తాయి. అప్పుడు కొన వేగం సెకనుకు 220 మీటర్ల లోపే ఉంటుంది. ఎనిమిదో తరగతి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వృత్తం చుట్టుకొలత సూత్రంతో మీరే సరిచూసుకోవచ్చు.

చూసుకోవడం అంటే ఏమిటి?

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. బదిలీ అయి వచ్చినప్పుడు సామాన్ల లారీలో పట్టడానికి నా సైకిల్ ముందు చక్రం విప్పాం. ఇక్కడికి వచ్చాక నేనే బిగించాను. ఒక పక్క నట్టు గట్టిగా బిగించాను. రెండో పక్కది చేత్తో తిప్పి, స్పానర్ వెతుకుతుండగా అమ్మ అన్నానికి పిలిచింది. తిరిగి వచ్చాక బిగించేశాననే అనుకున్నాను. మూడో రోజు దిగుడు రోడ్డులో చక్రం ఊగింది. నేను పడ్డాను. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి.

నాన్న తిట్టలేదు. "బిగించానని అనుకోవడం వేరు, బిగించడం వేరు. మా దగ్గర బిగించినవాడు రాస్తాడు, ఇంకొకడు చూసి సంతకం పెడతాడు" అన్నారు.

విమానాల్లోనూ సరిగ్గా అదే పద్ధతి. నట్టును టార్క్ రెంచితో కొలిచి బిగించాక, నట్టు మీదుగా రంగుతో ఒక సన్నని గీత గీస్తారు. నట్టు కొంచెం తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. వదులు కాకూడని బోల్టుల తలల్లోంచి సన్నని తీగ దూర్చి ముడివేస్తారు. రెక్క పలకలను కదిపే తీగల వంటివి విప్పి బిగిస్తే, చేసినవాడు కాక మరొకరు కూడా చూస్తారు.

ఎగరడానికి ముందు పైలట్ విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి పడతాడు. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. మన దగ్గర వర్షాకాలంలో తేమ ఎక్కువ కనుక ఇది మరీ ముఖ్యం. వేగం కొలిచే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందేమో చూస్తాడు. అల్యూమినియం రెక్క మీద ఏ రివెట్ వెనకైనా నల్లటి చార ఉందా అని చూస్తాడు. అలాంటి చార ఉంటే ఆ రివెట్ వదులై లోపల రాసుకుంటోందని అర్థం.

ఒక సన్నని తీగను తీసుకుని అటూ ఇటూ వంచుతూ ఉండండి. కొన్నిసార్లు ఏమీ కాదు. ఆ తర్వాత ఒక్కసారిగా తెగుతుంది. లోహం అలసిపోవడం అంటే ఇదే. ఉక్కుకు ఒక మంచి గుణం ఉంది. భారం ఒక హద్దు లోపల ఉంటే ఎన్నిసార్లు వంగినా తట్టుకుంటుంది. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న భారాలు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. అందుకే రివెట్ల రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు కోసం టార్చి వేసి వెతుకుతారు.

ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ను పారేయరు. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూస్తారు. మెరిసే రజను కనిపిస్తే దాని దగ్గర అయస్కాంతం పెడతారు. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు. లోపల ఏ భాగం అరుగుతోందో ఇంజిన్ విప్పకుండానే ఒక ఆచూకీ దొరుకుతుంది. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించినట్టే ఇది.

నేలమీద ఉన్నప్పుడూ నిశ్చింత లేదు. రైట్ సోదరుల విమానం ఆ రోజు నాలుగుసార్లు ఎగిరింది. తర్వాత నేలమీద నిలిపి ఉంచగా పెద్ద గాలి దాన్ని దొర్లించి విరగ్గొట్టింది. అది మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు. వేసవిలో ఇక్కడ వచ్చే కాలబైశాఖి గాలివానలు మనం చూశాం. చిన్న విమానాన్ని బయట నిలిపితే రెక్కలకు తాళ్ళు కట్టి నేలకు బిగించేది అందుకే.

లాగ్‌బుక్

ఇక మొదట చెప్పిన టీసీ దగ్గరికి వద్దాం. విమానానికి లాగ్‌బుక్‌లు ఉంటాయి. సాధారణంగా విమానం శరీరానికి ఒకటి, ఇంజిన్‌కు ఒకటి, ప్రొపెల్లర్‌కు ఒకటి. ఎన్ని గంటలు ఎగిరింది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ భాగం ఎందుకు విప్పారు, ఎవరు బిగించారు, ఎవరు చూశారు, అన్నీ తేదీలతో, సంతకాలతో ఉంటాయి. రెక్క నేలకు తగిలి చిన్న సొట్ట పడినా రాయాలి.

కట్టినవాడి దగ్గరే విమానం ఎల్లకాలం ఉండదు. చేతులు మారుతుంది. ఊళ్ళు మారుతుంది, మనలాగే. కొత్త యజమానికి ఆ రెక్క లోపల ఏముందో కనపడదు. తొడుగు మూసేశాక దూలాన్ని అంత తేలికగా విప్పి చూడలేడు. అతనికి దారి చూపేది ఆ పుస్తకమే. అందులో పాత యజమాని సిగ్గుపడి ఒక పొరపాటు దాచితే, ఆ పొరపాటు మీద కూర్చుని ఎగిరేది తాను కాదు. ముఖం కూడా తెలియని మరొక మనిషి.

నా మోకాలి కుట్లు మానాక నాన్న నాకు ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చారు. దాని అట్ట మీద "సైకిల్" అని రాసుకున్నాను. మొదటి పేజీలో ఇలా ఉంది: "ముందు చక్రం, ఎడమ నట్టు బిగించలేదు. తప్పు నాదే." దాని కింద నాన్న సంతకం ఉంది.

వచ్చే ఏడాది మాకు మళ్ళీ బదిలీ రావచ్చు. అప్పుడు ఈ సైకిల్‌ను మా పక్క క్వార్టర్‌లో ఉండే తమ్ముడికి ఇచ్చేస్తాను. ఆ పుస్తకం కూడా దానితోపాటే ఇస్తాను, మొదటి పేజీ చింపకుండా.